ఊఁ కొట్టిన బాపు

కొత్తవాడలో తెల్లారిందంటే ముందుగా వినిపించేది మగ్గాల చప్పుడే. ఆ రోజు కూడా సమ్మయ్య చాయ గ్లాసు కింద పెట్టి, మగ్గం ముందు బల్ల మీద ఎడమ పక్కన కూర్చుని, రోజూ పిలిచినట్టే కూతుర్ని పిలిచాడు. నేల మీద పరిచే పెద్ద జంపఖానా ఒక్కరి చేతులకు అందేది కాదు. ఒకరు సగం దాకా పోగు తెస్తే, పక్కనున్నవారు అందుకుని చివరిదాకా లాగాలి. భార్య సరోజన కుడి మణికట్టు పనికిరాకుండా పోయినప్పటి నుంచి కుడి పక్క చోటు కూతురు యమునదే.

యమున వచ్చి కూర్చుంది. కానీ ఒంటి మీదున్నవి పండక్కి కొన్న బట్టలు. ఆ మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఫ్రెంచ్ డిగ్రీ సీటుకు ఇంటర్వ్యూ ఉంది. రైలు తొమ్మిదింటికి. ఆ సంగతి సరోజన ముందురోజే మొగుడి చెవిన వేసింది. ఆయన మర్నాటి నేతకు పోగులు సర్దుకుంటూ ఉండిపోయాడు. అంతకన్నా గోడకు చెప్పుకోవడం నయం.

అసలు ఆ ఫ్రెంచ్‌ను ఇంటికి తెచ్చిందే సమ్మయ్య. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుంటే మార్కులు ఊరికే పడతాయని కాలేజీవాళ్లు చెబితే తలూపి వచ్చాడు. తక్కిన పిల్లలంతా జవాబులు బట్టీపట్టి, పరీక్షలో కక్కేసి, చేతులు దులుపుకున్నారు. ఈ పిల్లకు మాత్రం అది ఒంటబట్టింది. పాఠం చెప్పే విజయశ్రీ మేడం ముచ్చటపడి, ఫ్రాన్స్‌లో ఈ వయసు పిల్లలు చదివే కథలూ వ్యాసాలూ తెచ్చి ఇచ్చింది. భాషన్నాక మాట్లాడాలి. మేడం దొరికేది వారానికో గంట. మిగతా రోజుల్లో ఎవరున్నారు? అందుకే పొద్దున మగ్గం మీద కూర్చుని ఆ భాషలోనే ఏదో చెబుతుండేది. పాఠం అప్పజెబుతోందనుకుని, పిల్ల నిద్రకు తూగకుండా, సమ్మయ్య కథకు కొట్టినట్టు ఊఁ కొట్టేవాడు.

ఆ రోజు యమున నోట మాట లేదు. కాసేపయ్యాక చేతిలో పోగు ఆపింది.

“బాపూ, నన్ను పోనియ్యి.”

“మరి ఈ జంపఖానా ఎవరు నేస్తరు?” తల తిప్పకుండానే అడిగాడు.

గడప దగ్గర నుంచి సరోజన తాను కూర్చుంటానంది. చెంబు ఎత్తలేని చెయ్యి పోగు ఏం లాగుతుందని ఆయన కసిరాడు. మార్కుల కోసం చదివిన చదువు, మార్కులొచ్చాయి, ఇంకేం కావాలన్నాడు. ఇక్కడే డిగ్రీలో చేరి, పొద్దున మగ్గం, తర్వాత కాలేజీ చూసుకోమన్నాడు. ఈ ఇంటర్వ్యూ తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆశ లేదని యమున బతిమాలింది. కాళ్లు పట్టుకుంటానంది. గోడ గడియారంలో ఎనిమిది దాటింది. కదలడానికి వీల్లేదు, కూర్చోవడానికి మనసొప్పదు.

“గా భాష ఈడ ఎవలకొస్తదే? ఎవలతోని మాట్లాడ్తవ్?”

“నీతోని మాట్లాడిన బాపూ.”

సమ్మయ్య చెయ్యి ఆగిపోయింది.

“నువ్వు పాఠం అనుకున్నవ్. గది పాఠం కాదు. రెండేండ్ల సంది నీతోనే మాట్లాడ్తాన. తెలుగుల చెప్పే ధైర్యం లేక గట్ల చెప్పిన. నువ్వు దగ్గుతాంటే నాకు భయమైతాంది అన్న. అమ్మ చెయ్యి లెక్క నా చెయ్యి గూడ పోతదేమో అన్న. ఈ బల్ల మీదనే ముసలిదాన్నయిత, జర నన్ను లేపు బాపూ అన్న. అన్నిటికి ఊఁ అన్నవ్.”

సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమ్మయ్య మొదటిసారి కూతురి వైపు తల తిప్పాడు. మోచేయి తగిలేంత దగ్గర కూర్చుని కన్నబిడ్డ రోజూ మొరపెట్టుకుంటే, తాను ఊఁ కొడుతూ పోగు లాగాడు. ఒక్కనాడైనా ఏమంటున్నావని అడగలేదు.

తర్వాత ఆయన సగం వరుసలో ఉన్న పోగును అక్కడికక్కడే ముడేశాడు. వరుస పూర్తికాకుండా మగ్గం దిగడం ఆయన ఎన్నడూ ఎరగని పని.

“లే బిడ్డా. ఇగ పెద్దవి నెయ్య. పూజల కూసునే ఆసనాలు నేస్త. గవైతే ఒక్కని చేతులకు అందుతయ్.”

ఆసనాలతో ఇల్లు గడవడం ఎంత కష్టమో ముగ్గురికీ తెలుసు. సరోజన ఎడమ చేత్తోనే డబ్బాలో పులిహోర సర్దింది.

స్టేషన్ చేరేసరికి రైలు వచ్చి ఉంది. తోడు వస్తానన్న విజయశ్రీ మేడం అప్పటికే సీటు పట్టి కూర్చుంది. యమున రైలెక్కి కిటికీ ఊచలు పట్టుకుని, తండ్రి మొహంలోకి చూస్తూ, ఆ భాషలో ఏదో అంది. అలవాటు కొద్దీ ఊఁ అనబోయి సమ్మయ్య నాలుక కరుచుకున్నాడు.

“ఏమన్నవ్ బిడ్డా?”

రెండేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. యమున కళ్లు నిండిపోయాయి.

“నాకు సీటొస్తే, పొద్దుగాల నీ పక్కన ఎవరు కూసుంటరు అన్న.”

రైలు కదిలింది. సమ్మయ్య కిటికీ వెంట కొంతదూరం నడిచాడు. ఊఁ అని కూడా అనలేకపోయాడు.