లోపలి గుడ్డ

పొద్దున్నే జాకెట్‌ను మడిచి కూతురి సంచి మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు టీ కాస్తూ నిలబడింది తల్లి. ఆమె దర్జీ. వీధిలో సగం మంది కొలతలు ఆమెకు నోటికొచ్చు. కూతురి మనసు కొలతే ఎంతకీ అంతుపట్టదు.

కూతురికి కొండ మీది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. చలికాలమంతా అక్కడే ఉండాలి. తండ్రి ఆ కేంద్రానికే సామాన్లు మోసేవాడు. కొన్నేళ్ళ క్రితం దారిలో మంచు తుఫాను కమ్ముకుంది. మర్నాడు ఆయన్ని నలుగురు మోసుకొచ్చారు. అందుకే ఈ ఉద్యోగం మాట వచ్చినప్పటి నుంచి తల్లీకూతుళ్ళు ఆచితూచి మాట్లాడుకుంటున్నారు.

నిన్న షాపులోనూ అదే తంతు. తల్లి బొద్దుగా, బరువుగా ఉన్నవాటినే చూపించింది. కూతురు ఒక్కొక్కటీ తొడుక్కుని, చేతులెత్తి, వంగి లేచి, చివరికి ఒంటిని అంటిపెట్టుకునే, ఉన్నిలా నూగుగా ఉన్న తేలికపాటి ఫ్లీస్ జాకెట్ ఎంచుకుంది. గాలి తగలకుండా పైన వేసుకునేందుకు వేరే కోటు ఉందనీ, ఇదైతే చెమట లోపల నిలవదనీ చెప్పింది. ఇంత పలచటిదాన్ని నమ్ముకుని మంచులోకి పోతుందా అని తల్లికి ఒళ్ళు మండింది. సాయంత్రం కూతురు అలా బయటికి వెళ్ళగానే కుట్టుమిషను ముందు కూర్చుంది.

కిటికీలోంచి రోజూ కనిపించే కొండ ఇవాళ కనిపించడం లేదు. గాలికి తలుపు గడియ కదులుతోంది.

జాకెట్ తొడగబోయిన కూతురు ఆగిపోయింది. లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమింది. మెత్తటి కాటన్ గుడ్డ, రెండు పొరలు.

“ఏంటమ్మా ఇది?”

“లైనింగు. ఆ పలచటిదేం కాస్తుంది చలిని? మీ నాన్న కోటుకీ ఇలాగే వేసిచ్చాను.”

కూతురి మొహం పాలిపోయింది. కత్తెర తీసుకుని కుట్టు విప్పసాగింది. తల్లి జాకెట్ లాక్కుంది. తన చేతి పనంటే అంత చులకనైపోయిందా అని నిలదీసింది. కన్న తల్లి మాట కంటే ఆ కొండే ఎక్కువైందా అని దెప్పింది. చివరికి కూతురు ఉండబట్టలేకపోయింది.

“ఎక్కేటప్పుడు చెమట పడుతుందమ్మా. కాటన్ దాన్ని పీల్చుకుని వదలదు. ఆగామంటే ఒంటి మీదే గడ్డకడుతుంది.”

అని, నాలుక కరుచుకుంది. కానీ తడిసిన కాటన్ ఎంతకీ ఆరదని దర్జీకి ఒకరు చెప్పాలా? ఆ రోజు భర్త కోటు ఆమెకు కనిపించనేలేదు. అడిగితే, ఎక్కడో పడిపోయిందని ఈ పిల్లే చెప్పింది. తల్లి గోడ పట్టుకుని కూలబడింది.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“నాన్నను తెచ్చిన రోజే. లోపలి గుడ్డ అట్టలా బిగుసుకుపోయి ఉంది. నీ కంట పడకుండా కోటు నేనే తీసేశాను.”

“ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేమే?”

“చెబితే నువ్వు మళ్ళీ సూది పట్టుకునేదానివా?”

తల్లి బావురుమంది. కూతురు పక్కన చతికిలబడి ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ తనివితీరా ఏడ్చారు.

తర్వాత తల్లి కళ్ళు తుడుచుకుని, కత్తెర అందుకుని, ఒక్కో కుట్టూ తనే విప్పింది. కాటన్ గుడ్డను దూరంగా విసిరేసింది. కూతురికి జాకెట్ తొడిగి, జిప్పు మెడ దాకా లాగింది. జాకెట్ మీద సూది పోట్లు వరసగా మిగిలాయి. వాటిని వేలితో తడుముతూ, బట్ట గురించి ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరగని ఆ మనిషి, చిన్నపిల్లలా అడిగింది.

“వీటిలోంచి చలి దూరదు కదూ?”

“దూరదమ్మా” అంది కూతురు.