మొదటి గరిటె

అల్లా మీద ఒట్టు ఫర్జానా, ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా రేపటి నుంచి నా చాయలో చక్కెర కరగకుండా పోనీ. పాకం కింద పొయ్యి సన్నం చేసి విను. ఈ సౌదీ హుఫూఫ్ కొంపలో నీకంటే ముందు, నీ మంచం మీదే, లోర్నా అని ఫిలిప్పీన్స్ పిల్ల పండుకునేది.

వాళ్లది నెగ్రోస్ దీవి. పటంలో చూస్తే మేజోడు మాదిరి ఉంటుందంట. నడుమ నిప్పులు కక్కే కొండ. దానికి పడమటంతా వాళ్ల రాష్ట్రం. చెరకే చెరకు! స్పెయిన్ దొరల కాలంలో అడవులు నరికి నాటినారంట. పైన పోయే విమానాలకు కూడా చీమలు పట్టేవి. కానీ నాటు అయినాక మళ్లీ గానుగాడేదాకా కూలోళ్లకు పనుండదు. ఆ నెలల్ని చచ్చిన కాలం అంటారు. చక్కెర ధర కూలిన ఏడు ఆ కాలం ముగియనే లేదు. చెరకు మధ్యనే పిల్లకాయలు ఆకలితో పోయినారు. లోర్నా వాళ్లక్క కూడా అట్లే పోయింది. నడక వచ్చీరాని పిల్ల.

అందుకని వాళ్లింట్లో పాకం పడితే, మొదటి గరిటె ఆ పిల్లకని నేల మీద పోస్తారు. ఎవరన్నా ముందు నాకితే, దాని ఆకలి వాళ్లకు అంటుకుంటుంది.

"నేల మీద చక్కెరా? చీమల్ని నీ అబ్బ వచ్చి ఊడుస్తాడా?" అని, ఈడ లోర్నా అట్ల పోసినప్పుడల్లా మన ఇంటి మేడమ్ చెప్పుతో కొట్టేది. పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకుని ఊరికి పోనిచ్చే ఎగ్జిట్ కాగితం ఇవ్వనంటే ఇవ్వననేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. ఒంటెలు కూడా గోడలు తడుముకుంటూ పోయినాయి! ఇల్లంతా చీకటి. పొయ్యి మంట ఒక్కటే నీలంగా... లోర్నా పాకం పడుతోంది. కిటికీలన్నీ మూసినా, ఎక్కడినుంచో చెరకాకు కాలిన వాసన.

మేడమ్ వచ్చి గరిటె లాక్కుంది.

"లా, వద్దు మేడమ్... ముందు దానికి..." లోర్నా గుసగుసగా అంది.

మేడమ్ ఆమె మొహంలోకి చూస్తూనే గరిటె నాకింది.

గాలి ఆగింది. పొయ్యి ఆరింది. చీకట్లో... చప్... చప్... తడి పాదాలు. చిన్నవి. పొయ్యి దగ్గర్నుంచి మేడమ్ దాకా.

"ఇంకా..." అన్నదెవరో. ఏ భాషలో అంటావా? ఆకలికి భాషేంది మేయ్!

ఆ సాయంత్రమే మేడమ్ మొగుడు, మన కఫీల్, లోర్నాకు ఎగ్జిట్ ఇచ్చి పంపించేసినాడు. మేడమ్ స్టోర్‌రూములో చేరింది. రోజుకో సంచి చక్కెర తింటుంది, అయినా చెరకు పిప్పి మాదిరి ఎండిపోయింది. నువ్వు వచ్చినకాడ్నుంచి ఆమెను ఎప్పుడన్నా చూసినావా? తలుపు సందులోంచి వచ్చే చేయే కదా!

ఏందా మొహం? ఓసినీ... పాకం తీగ సాగిందా అని ఇందాక వేలు ముంచినావే! మన కడపోళ్లకు ఇదొక రోగం. సాగదీసి చూసి ఊరుకున్నావా... నాకినావా?

నాకినావు.

వెనక్కి చూడొద్దు. ఆ జిగట అడుగులు నావి కావు. నావి ఏనుగు పాదాలు.

లెయ్. ఒక గరిటె పాకం తీసుకుపోయి దాని పేరుమీద స్టోర్‌రూము గడప కాడ పోసి రా. దోవలో ఎవరన్నా చున్నీ పట్టుకుంటే విదిలించొద్దు, మెల్లగా నడువు... దానికింకా నడక సరిగ్గా రాదు.