పన్నెండో చేప

"చదవడానికి వచ్చారా, తడవకుండా ఉండటానికా?"

స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ రీడింగ్ రూమ్ గుమ్మంలో చిన్న బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. బయట వాన కుమ్మేస్తోంది. అతని చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. అయినా సరే, "చదవడానికే" అన్నాడు, రెప్ప కూడా వెయ్యకుండా.

అప్పుడు తలెత్తింది. ఆ తర్వాత రెప్ప వెయ్యడం అతను నిజంగానే మర్చిపోయాడు.

"ఐడీ కార్డు."

ఇచ్చాడు. ఆమె పిల్లలు ఆడుకునే రబ్బరు స్టాంపు ఒకటి తీసి, ఊదారంగు ఇంకులో అద్ది, కార్డు వెనక టప్పున గుద్దింది. చేప. బుజ్జి చేప. కళ్ళు ఇంతింత చేసుకుని అచ్చం అతనిలాగే చూస్తోంది.

అతనిది ఎం.ఏ. ఎకనామిక్స్, ఫైనలియర్. మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ రెండుసార్లు తన్నేసింది కాబట్టి హాస్టల్లో అందరూ అతన్ని బ్యాక్‌లాగ్ అనే పిలుస్తారు. అసలు పేరు వాళ్ళమ్మకీ అటెండెన్స్ రిజిస్టర్‌కీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ చేపల గోలేంటని అడిగితే ఆమె ముక్తసరిగా చెప్పింది. ఆమెది ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్. ఈ గదిని వంద మంది కూడా వాడటం లేదు, తీసేసి మీటింగ్ హాల్ చేసేద్దాం అన్నారట డీన్ మేడమ్. వాడేవాళ్ళు ఎంతమందో అంచనా కట్టడం ఆమె ప్రాజెక్ట్. అంచనా వంద దాటితే గది ఉంటుంది, లేకపోతే పోతుంది. ఈ బుధవారం ఒకసారి, వచ్చే బుధవారం ఒకసారి లెక్క.

"పోతే పోయింది, ఇంట్లో చదువుకోవచ్చుగా" అన్నాడు సరదాకి.

"మా ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. గదిలో మా నాన్న కుట్టుమిషను. వంటింట్లో మా అమ్మకీ మేనత్తకీ పంచాయితీ. మీరొచ్చి ఒక్క లెక్క చెయ్యండి, చూస్తాను."

నవ్వుతూనే అంది. కానీ అంటూ అంటూ కిటికీ పక్కనున్న పాత కుర్చీ వైపు ఒక్కసారి చూసింది. దాని చెయ్యి మీద రెండేళ్ళ పెన్ను గీతలున్నాయి. ఆ చూపుతో మనవాడి పని అయిపోయింది. ఈ గది పోకూడదు, అంతే.

ఎకనామిక్స్ బుర్ర కదా, చకచకా లెక్కేసింది. జనం ఎక్కువొస్తే అంచనా పెరుగుతుంది. లోపలికెళ్ళి, చదవడానికే వచ్చానన్నాడు కాబట్టి ఫెయిలైన పేపర్ పుస్తకం తీసి ఓ పేజీ చదివి, హాస్టల్‌కి ఫోన్ చేసి, వచ్చినవాడికల్లా ఐస్‌క్రీం అని ప్రకటించాడు. వానాకాలంలో ఐస్‌క్రీం ఏంట్రా అని తిట్టుకుంటూనే పదకొండు మంది దిగారు. అనుమానం రాకుండా ఇద్దరిద్దరుగా, ఒకర్నొకరు ఎరగనట్టు మొహాలు పెట్టుకుని వచ్చారు. అందరి కార్డుల మీదా చేప పడింది. ఒకడైతే లావుపాటి పుస్తకం చూసి సంబరపడి, దాన్ని తెరవకుండానే తల కింద పెట్టుకుని గురక తీశాడు. లైబ్రేరియన్‌ని అందరూ పిన్నిగారు అంటారు. ఆవిడ కళ్ళద్దాల మీంచి ఓ చూపు చూసి ఊరుకున్నారు.

మర్నాడు అతను ఒక్కడే వచ్చాడు. ఆ మర్నాడు కూడా. వచ్చినవాడు ఊరికే కూర్చుంటే బాగుండదని మళ్ళీ ఆ పుస్తకమే తీశాడు. తీస్తే అర్థం కాలేదు. అర్థం కాకపోతే అడగాలి కదా. అడగాలంటే కిటికీ పక్క కుర్చీ దాకా వెళ్ళాలి. చదువు కోసం మనిషి ఎంత కష్టమైనా పడాలి మరి.

"వేరియన్స్ లెక్కలో ఉన్నది ఎన్ మంది. భాగించేది ఎన్ మైనస్ వన్‌తో. మిగిలిన ఒక్కడూ ఏం పాపం చేశాడండీ?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఐదుగురు ఫ్రెండ్స్ సగటున మూడు సినిమాలు చూశారు. నలుగురు ఎన్ని చూశారో చెప్పేశారు. ఐదోవాడు?"

"వాడిష్టం. పది చూశానని కొయ్యొచ్చు."

"కొయ్యలేడు. సగటు మనకి ముందే తెలుసు, నలుగురూ చెప్పేశారు. ఇక ఆఖరివాడికి అబద్ధం ఆడే చోటు లేదు. వాడి నోట్లోంచి కొత్త సంగతేం రాదు కాబట్టి ఒకటి తగ్గిస్తాం."

రెండేళ్ళుగా తలకెక్కని ముక్క రెండు నిమిషాల్లో ఎక్కింది. ఆ అమ్మాయి అప్పటికే ఎక్కి కూర్చుందనుకోండి, అది వేరే సంగతి.

రెండో బుధవారం వచ్చింది. మళ్ళీ ఐస్‌క్రీం, మళ్ళీ ఇద్దరిద్దరుగా పదకొండు మంది. సాయంత్రం గది ఖాళీ అయ్యాక అతను గెలిచినవాడిలా ఆమె బల్ల దగ్గరికెళ్ళాడు. ఆమె కాలిక్యులేటర్ వైపు చూస్తోంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"డెబ్బై రెండు" అంది.

ఇవాళ ఒక్కరోజే ముప్ఫై రెండు మంది వచ్చారు కదా, అంత తక్కువెలా వస్తుందని వాదించాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. చెరువులో చేపలన్నీ లెక్కపెట్టలేం. కొన్ని పట్టి, గుర్తేసి, వదిలేసి, మళ్ళీ వల వేస్తాం. గుర్తున్నవి తక్కువ పడితే చెరువు నిండా చేపలున్నట్టు. పడ్డవే మళ్ళీ పడితే చెరువులో ఉన్నవి ఆ కాసినే.

"పోయిన వారం ముప్ఫై ఆరు మందికి గుర్తేశాను. ఇవాళ వచ్చిన ముప్ఫై రెండు మందిలో పదహారు మంది కార్డు మీద చేప ఉంది. సరిగ్గా సగం. అంటే నేను గుర్తేసిన ముప్ఫై ఆరూ మొత్తంలో సగం. రెట్టింపు చేస్తే డెబ్బై రెండు." కాలిక్యులేటర్ మూసింది. "రేపు పదింటికి కమిటీ. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తాను."

పడ్డ చేపల్నే మళ్ళీ వలలోకి తోలింది తనే. కొంప నిలబెడదామని వచ్చి దూలాలు పీకేశాడు. నోరు మూసుకుంటే ఆమెకి ఎప్పటికీ తెలియదు. రేపు ఎదురుపడితే నవ్వుతుంది కూడా. కానీ నవ్వడానికి ఆ కుర్చీ ఉండదు.

"ఆ పదహారులో పన్నెండు చేపలు నావేనండి" అన్నాడు. మొత్తం చెప్పేశాడు, ఐస్‌క్రీం ఫ్లేవర్లతో సహా.

"సాయం చేశారన్నమాట" అంది ఆమె. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత సొరుగు లాగి ఫారాలు తీసింది. నచ్చలేదని ఎవర్నీ లెక్కలోంచి తీసెయ్యడానికి తనకి హక్కు లేదనీ, ఎందుకు వచ్చారో ఎవరికి వాళ్ళు నిజం రాసి సంతకం పెడితే కమిటీ ముందు పెడతాననీ చెప్పింది. ఫారాలు లెక్కపెట్టి ఇచ్చింది.

"పన్నెండు. మీదీ కలిపి."

హాస్టల్లో పదకొండూ పది నిమిషాల్లో అయిపోయాయి. పన్నెండోది ముందు పెట్టుకుని అతను పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. పరీక్షల కోసం అని రాయొచ్చు. విజ్ఞానం కోసం అనీ రాయొచ్చు. కానీ మిగతావాళ్ళంతా చెప్పేశారు. ఆఖరివాడికి అబద్ధం ఆడే చోటు లేదు.

మర్నాడు పదింటికి కమిటీ అంటే ముగ్గురు. డీన్ మేడమ్, పిన్నిగారు, ఏ మాటైనా 'సగటున చూస్తే' అని మొదలెట్టే ప్రొఫెసర్. ఆయన్ని పిల్లలు సగటు సార్ అంటారు. అతను తలుపు పక్కన నిలబడ్డాడు, గోడలో కలిసిపోవడానికి వీలుంటే బాగుండునని చూస్తూ.

డీన్ మేడమ్ ఫారాలు పైకే చదివారు. ఐస్‌క్రీం కోసం. ఐస్‌క్రీం కోసం. రెండన్నాడు, ఒకటే ఇప్పించాడు. పదకొండూ ఇదే వరస. వీళ్ళలో ఒక్కడూ పుస్తకం అట్ట కూడా తిప్పలేదని పిన్నిగారు సాక్ష్యం చెప్పారు. పన్నెండో ఫారం దగ్గర మేడమ్ గొంతు ఆగింది. అద్దాలు సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి చదివారు.

"మొదటిరోజు వాన కోసం వచ్చాను. రెండోరోజు నుంచి, చేప వేసిన అమ్మాయి కోసం. నన్నూ తీసెయ్యండి."

ఆమె చెవులు ఎర్రబడటం అతను తలుపు దగ్గర్నుంచే చూశాడు.

సగటు సార్ దగ్గి, కాగితం ముందుకు లాక్కున్నారు. పన్నెండు మందినీ తీసేస్తే మొదటిరోజు ఇరవై నాలుగు, రెండోరోజు ఇరవై, గుర్తున్నవాళ్ళు నలుగురు. "ఐదో వంతు. ఇరవై నాలుగు ఐదులు నూట ఇరవై. గది దక్కినట్టే."

"పన్నెండు కాదు సార్. పదకొండు" అంది ఆమె.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ప్రాజెక్ట్ మొదటి పేజీ తీసింది. "లెక్క మొదలెట్టకముందే రాసుకున్నాను సార్. పాఠకుడంటే ఎవరూ తీసుకురాకుండా తనంతట తను వచ్చి, పుస్తకం తెరిచి చదివినవాళ్ళు. ఎందుకు వచ్చారన్నది ఇందులో లేదు."

పిన్నిగారు తడుముకోకుండా రిజిస్టర్ తిప్పి చూపించారు. బుధవారం నుంచి బుధవారం దాకా, ఆదివారం సెలవు పోగా, ఏడు సంతకాలు, ఏడుసార్లూ ఒకటే పుస్తకం. మూడో అధ్యాయం లెక్కలన్నీ చేశాడు, తప్పులు తానే చూశానని కూడా కలిపారు.

సగటు సార్ మళ్ళీ లెక్కేశారు. ఇరవై ఐదు, ఇరవై ఒకటి, గుర్తున్నవాళ్ళు ఐదుగురు. నూట ఐదు. పెన్ను మూత పెట్టి ఆమెని చూశారు.

"సగటున చూస్తే, ఒక్కణ్ణి ఉంచుకోవడానికి పదిహేను మందిని వదులుకుంటున్నావమ్మా."

"వంద దాటింది కదా సార్" అంది, నేల చూస్తూ.

డీన్ మేడమ్ సంతకం పెట్టేశారు. దాటితే చాలన్నాను, మాటంటే మాటే, కాకపోతే బొటాబొటీగా ఉంది కాబట్టి వచ్చే నెల మళ్ళీ లెక్కపెట్టమన్నారు. ఈసారి ఐస్‌క్రీంలు లేకుండా.

వరండాలోకి వచ్చేసరికి మళ్ళీ చినుకులు. అతను సారీ చెప్పబోయాడు. ఆమె వినకుండా పన్నెండో ఫారం అతని చేతిలో పెట్టి, పైన పెన్ను పెట్టింది.

"ఇందులో తప్పుంది."

"అంతా నిజమేనండి."

"మొదటిరోజు వాన కోసం అని రాశావు. స్టాంపు వేసి కార్డు చేతికిచ్చాక కూడా అక్కడే ఎంతసేపు నిలబడ్డావో నేను చూడలేదనుకున్నావా? వాన ఎప్పుడో తగ్గింది. డేటా సరిగ్గా రాయాలి."

అతను అక్కడే గోడకి కాగితం ఆనించి 'వాన' కొట్టేశాడు. ఆమె సంచిలోంచి స్టాంపు తీసి, ఆ దిద్దుబాటు పక్కన టప్పున ఒక చేప వేసింది. కాసేపు ఆలోచించి, దాని పక్కనే ఇంకోటి.