తోడేలు ఆట, టమోటా నారు

ఆశ్రితకు ఒళ్లు మండిపోతాంది. పదకొండోసారి తోడేలు గొర్రెను ఎత్తుకుపోయింది.

"నీ మొగం మండ! మళ్లీనా?" అని ఫోన్ మీద అరిచింది.

ఆ ఆట మొదట్లో ఎంత బాగుండేదో! తోడేలు ఏ బండ వెనక నుంచి వస్తుందో కనిపెట్టి, గొర్రెల్ని దొడ్డిలోకి తోలాలి. బుర్ర పెడితే గెలుపే. ఆరో తరగతి పిల్లలంతా ఎగబడి ఆడినారు. పోయిన నెల దాన్ని మార్చి పాడు చేసినారు. ఇప్పుడు ఎంత బుర్ర పెట్టినా తోడేలే గెలుస్తుంది. వజ్రాల కంచె ఉంటేనే గొర్రె బతుకుతుంది. వజ్రాలకు దుడ్లు కట్టాలి. దుడ్లు లేవా, వరసగా ఐదు యాడ్లు చూడాలి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి! ఇదేం ఆట, దీని దుంప తెగ!

ఫోన్ నాయనది. ఆదివారం కదా, ఆశ్రిత ఇంట్లోనే ఉంది. నాయన సుంకప్ప గొర్రెలు తోలుకుని గుట్టకు పోయినాడు. గుట్ట మీద సిగ్నల్ ఉండదు. అందుకే పోతా పోతా ఫోన్ కూతురి చేతికిచ్చినాడు.

"నిన్న నాటిన టమోటా నారు, పాపా. ఈ పొద్దు నీళ్లు తాగకుంటే బతకదు. మోటరు డబ్బాలో సిమ్ము ఉండాది గదా, కరెంటు వస్తానే అది ఫోన్ చేస్తాది. ఎత్తి ఒకటి నొక్కు. మోటరు ఆన్ అయితాది" అన్నాడు.

ఐదో యాడ్‌లో ఇంక నాలుగు సెకన్లు ఉన్నాయి. ఫోన్ మోగింది. మోటరు డబ్బానే! ఎత్తితే యాడ్లన్నీ మొదటికొస్తాయి. ఆశ్రిత విసురుగా కట్ చేసింది.

"మళ్లీ చేస్తాది లే" అనుకుంది. అది మళ్లీ చేయలేదు.

సాయంత్రం సుంకప్ప గుట్ట దిగేసరికి చేనుకిచ్చే కరెంటు పోయింది. చేనులో నారు తలలు వాల్చేసింది.

"ఫోన్ రాలేదా, పాపా?"

"రాలేదు నాయనా." అబద్ధం ఎట్లా జారిందో ఆమెకే తెలియలేదు.

సుంకప్పకు కోపం నెత్తికెక్కింది. పోయిన వారం డబ్బా రిపేరు చేసిన గంగాధర్‌ను పిలిపించినాడు. వీధిలోనే నిలబెట్టి అరిచినాడు.

"ఏమప్పా, ఇదేనా నీ పని? నా నారంతా ఎండిపాయె!"

"డబ్బా బాగుండాది అన్నా. కరెంటు లేకుండా ఇప్పుడెట్లా చూపించేది?"

"నీ మాటలు నమ్మేవాళ్లు ఎవురూ లేరు! ఇంక ఈ ఊర్లో నీకు పని దొరికితే చూడు!"

గంగాధర్ మొహం ఎర్రబడింది. స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటున్నాడు. అది చూసి ఆశ్రిత పరుగున వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. ఆట చేసినవాళ్ల మీద కోపం. తన మీద ఇంకా ఎక్కువ కోపం.

"నాయనా! గంగాధర్ మామను అనొద్దు. డబ్బా ఫోన్ చేసింది. నేనే కట్ చేసినా!"

సుంకప్ప గిర్రున తిరిగినాడు. "ఆట కోసం నారు ఎండబెట్టినావా?"

"ఆట కూడా గాదు నాయనా... యాడ్ కోసం" అని బోరుమంది.

సుంకప్ప గంగాధర్ వైపు తిరిగినాడు. "తప్పయింది గంగాధరా" అన్నాడు.

"వీధంతా వినేట్టు తిడితివి గదన్నా" అని గంగాధర్ బండెక్కి పోయినాడు.

ఆశ్రిత ఆటను ఫోన్లోంచి తీసి పారేసింది. ఇంటి ముందర తొట్టిలో నీళ్లు బిందెతో మోసుకుపోయి, మొక్కకొక చెంబు పోసింది. నాయన కూడా మోసినాడు గానీ, ఆమెకు దూరంగా వేరే సాల్లో. సగం నారే దక్కింది.

మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకరు దగ్గర ఆడవాళ్లంతా లైనులో ఉన్నారు.

"గంగాధర్ రిపేరు చేసిన డబ్బా ఎందుకూ పనికిరాదంట గదా! మా మోటరుకు వాణ్ణి పిలవొద్దని మావోడికి చెప్తా" అంటాంది బయమ్మ.

ఆశ్రిత కూడా లైనులోనే ఉంది. బిందె కింద పెట్టింది.

"లేదవ్వా, డబ్బా బాగుండాది. ఫోన్ కట్ చేసింది నేను. అబద్ధం చెప్పింది కూడా నేనే."

లైనులో చివరి మనిషికి కూడా వినబడేట్టు చెప్పింది.