ఆపరేషన్ నారుమడి

గుణశేఖరన్ మోటార్‌సైకిల్‌ను ఢీకొన్న లారీకి నంబర్ ప్లేటు లేదు. ధర్మపురి పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. చెన్నైలో సైబర్ నిఘా డిపార్ట్‌మెంట్ చీఫ్ రంగరాజు మాత్రం హత్య అన్నాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. గుణశేఖరన్ 'నారుమడి' అనే స్టార్టర్ టెంప్లేట్ తయారుచేశాడు. వెబ్ అప్లికేషన్ కట్టేవాళ్లకు లాగిన్, డేటాబేస్, టెస్టులు ముందే అమర్చిపెట్టిన పునాది అది. ఆస్పత్రులు, బ్యాంకులు దాని మీదే సైట్లు కట్టుకుంటున్నాయి. అందులో ఒక్క దొంగ లైను చేరిస్తే చాలు, రేపు పుట్టే ప్రతి సైటూ విదేశీ ముఠా గుప్పిట్లోనే పుడుతుంది. కొత్త వెర్షన్ విడుదల చేయాలంటే గుణశేఖరన్ సెక్యూరిటీ కీ కావాలి. వేలెడంత యూఎస్‌బీ. అది ఎక్కడుందో తెలియదు.

"ముఠా కంటే ముందు నీకు దొరకాలి, మాదేశ్వరీ," అన్నాడు చీఫ్. "మన విజి ముందే అక్కడికి చేరింది."

మాదేశ్వరిదీ ధర్మపురి జిల్లాయే, పెరియంపట్టిలో తెలుగిల్లు. చెవికమ్మలో మైక్రోఫోన్ పెట్టుకుని, గుణశేఖరన్ కాలేజీ స్నేహితురాలి వేషంలో అతని చావింట్లోకి అడుగుపెట్టింది. అతని తల్లి కాళియమ్మ పక్కన విజి కూర్చుని ఉంది. అదే జిల్లా ఏరియూరు తెలుగింటి పిల్లనని చెప్పుకుని డిపార్ట్‌మెంట్‌లో చేరిన అందగత్తె. ఎంత ఏడ్చినా ఆమె కాటుక చెదరలేదు.

"మడికి నీళ్లు కట్టినారా?" అని మాదేశ్వరి గొణిగింది.

"గట్టు తెగింది," అంది విజి. కోడ్ సరిపోయింది.

కొడుకు ఏం పని చేసేవాడని కాళియమ్మ అడిగింది. ఇంకొకళ్లు కట్టుకునే వాటికి పునాది వేసి ఇచ్చేవాడని మాదేశ్వరి చెప్పింది.

"మేమూ అంతే గదా, పాపా. మేస్త్రి చూపించిన చోటంతా పునాదులు తవ్వినాము. ఆ ఇండ్లల్లో ఒగనాడూ పండుకోలేదు." కాళియమ్మ కొంగు ముడి తడుముకుంది. "ఇది ఏం తాళమో తెలీదు. ఇది లేకుండా వాడు యాడికీ పోడు. ఆ పొద్దు మరిచిపోయి పోయినాడు."

విజి కాళియమ్మను వాటేసుకుని మరోసారి ఏడ్చి, లేచి నిలబడింది.

"పోయొస్తాను, అత్తా."

ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా ఆగింది. చావింటి నుంచి ఎవరూ చెప్పి వెళ్లరు. మళ్లీ వస్తానంటే మరో చావును పిలిచినట్టే. చెప్పులేసుకుని మౌనంగా దిగిపోవాలి. ఈ ఇళ్లలో పుట్టిన పిల్లకు ఆ మాట నోటికే రాదు.

మాదేశ్వరి కాళియమ్మ కొంగు వైపు చూసింది. ముడి విప్పి ఉంది, అందులో కీ లేదు.

వీధి మలుపులో కారు. విజి ఒళ్లో లాప్‌టాప్, దానికి గుచ్చిన కీ, కీ మీద మినుకుమంటున్న లైటు. స్క్రీన్ మీద దొంగ లైను చేర్చిన కొత్త వెర్షన్ ఒక్క వేలి స్పర్శ కోసం కాచుకుని ఉంది. విజి వేలు కీని తాకబోతుండగా మాదేశ్వరి కిటికీలోంచి చెయ్యి దూర్చి దాన్ని లాగేసింది. లైటు ఆరిపోయింది.

చెవికమ్మ మైక్రోఫోన్‌లో అంతా వింటున్న మఫ్టీ పోలీసులు కారును చుట్టుముట్టారు.

"నా ఏడుపులో తప్పుందా?" అంది విజి.

"ఏడుపు బాగానే ఉంది. సెలవు తీసుకోవడమే కుదరలేదు."

లారీ గుద్దింది హత్య చేయడానికేనని తల్లికి చెప్పే అనుమతి మాదేశ్వరికి లేదు. కీ వాకిట్లో పడిపోయిందని అబద్ధం చెప్పి అందించింది. కాళియమ్మ దాన్ని కాసేపు చెంపకు ఆనించుకుని, తిరిగి మాదేశ్వరి అరచేతిలో పెట్టింది.

"వాని పని తెలిసినదానివి. నువ్వే పెట్టుకో."

వేరే ఏర్పాటు జరిగేదాకా టెంప్లేట్ బాధ్యత ఆమెదేనని చీఫ్ కూడా చెప్పాడు. మాదేశ్వరి గుణశేఖరన్ లాప్‌టాప్ తెరిచింది. ఎవరో ముక్కూమొహం తెలియని డెవలపర్ ఫిర్యాదు పెట్టి ఉన్నాడు: ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు, ఈ ప్రాజెక్టు చచ్చిపోయిందా?

కన్నీళ్లు తుడుచుకుని టైప్ చేసింది: "ఆలస్యానికి మన్నించండి. ప్రాజెక్టు బతికే ఉంది."