దేవదాస్ పని గంటలు

అనురాధ భర్త అంగీని నీళ్లలో వేసే ముందు వెలుతురుకు పట్టి చూసింది. పది రోజులుగా పొద్దున్నే ఇదే పని. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల షెడ్డు నుంచి వచ్చే మనిషి తలనిండా, బట్టలనిండా నూలు దుమ్ము ఉంటుంది. దేవదాస్ మాత్రం పొద్దున వెళ్లినట్టే సాయంత్రం తిరిగొస్తున్నాడు.

దేవదాస్ బయలుదేరబోతుంటే, ఇంటింటికీ తిరిగి పనుల సర్వే రాసే రేణుక ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

"అన్నా, పోయిన వారం పని చేసిన్రా?"

"చేసిన. రోజుకు పన్నెండు గంటలు."

అనురాధ తడి చేతులతోనే ముందుకు వచ్చింది.

"అబద్ధం, చెల్లె. పన్నెండు గంటలు సాంచాలు నడిపినోని అంగి గింత సాఫ్‌గ ఎట్లుంటది? ఎవలింట్ల కూసుంటున్నవో గిప్పుడు చెప్పు."

"గామె ముందట ఏందే నీ లొల్లి?"

"గామె పోతే నువ్వు గూడ జారుకుంటవ్. చెప్పు. లోపల బిడ్డ ప్రవీణ గూడ ఇంటది."

రేణుక ఇబ్బందిగా కదిలింది. "పోనీ అక్కా, వారంల ఒక్క గంట చేసినా పని ఉన్నట్టే రాసుకుంటం."

"ఒక్క గంటకేనా? గట్లయితే ఊరంత డ్యూటీలనే ఉన్నట్టు."

దేవదాస్ తల వంచుకున్నాడు.

"ఎనిమిది సాంచాలు ఒక్కన్నే నడిపేటోన్ని. ఇప్పుడు షెడ్డు మొత్తంల రెండే తిరుగుతున్నయ్. ఎవల్ని తీసెయ్యొద్దని నలుగురం వంతులు పెట్టుకున్నం. నా వంతు మూడు గంటలు. రెండు సాంచాలకు దుమ్మెంత లేస్తది?"

"మిగిలిన తొమ్మిది గంటలు?"

"షెడ్డు బయట అరుగు మీద కూసుంట."

"నీతోని పనిచేసే కొమురయ్య గూడనా?"

"నమ్మకుంటే పోయి అడుగు. పగటిపూట ఇంటికొస్తే, అప్పుడే వచ్చినవేంది బాపు అని ప్రవీణ అడుగుతది. ఏం చెప్పాలె?"

రేణుక పన్నెండు చెరిపి మూడు అని కొట్టింది. తరువాతి ప్రశ్న మెల్లగా చదివింది.

"ఇంకా ఎక్కువ పని దొరికితే చేస్తరా, అన్నా?"

ఇన్ని రోజుల్లో ఆ మాట అతణ్ణి ఎవరూ అడగలేదు. గోడవైపు తిరిగి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రాసుకో చెల్లె," అంది అనురాధ. "చేస్తడు. ఎన్ని గంటలన్న చేస్తడు." ఆమె కళ్లూ నిండాయి. ఈ మనిషినా తను అనుమానించింది? "నీ వంతు ఎప్పుడు?"

"రెండింటికి."

"గప్పటిదాంక ఇంట్లనే ఉండు."

అతను గడపలోనే నిలబడిపోయాడు. లోపలి గదిలోంచి ప్రవీణ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లకు రా, బాపు. నేనేం అడగ."