నూటపది డిగ్రీలు

హన్మకొండ లైబ్రరీ వెనకాల రేకుల షెడ్డు కింద టీచర్ పరీక్షకు చదివేవాళ్లు పదిమంది కూర్చుంటారు. లెక్కల్లో వాళ్లందరికీ దిక్కు హసన్‌పర్తి భానుచందర్. నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే వినోద అతనితో మొదటిసారి మాట్లాడిందే తగువుతో.

బోర్డు మీద వృత్తం. బయటి బిందువు నుంచి దానికి రెండు స్పర్శరేఖలు, వాటి మధ్య కోణం నలభై. రేఖలు తాకిన రెండు చోట్లనూ వృత్తం మీది ఇంకో బిందువుతో కలిపితే అక్కడ కోణమెంత? వ్యాసార్థాలు స్పర్శరేఖలకు లంబం కాబట్టి కేంద్రం దగ్గర నూటనలభై, అందులో సగం డెబ్బై అని భాను గబగబా తేల్చేశాడు.

“డెబ్బై కాదు, నూటపది,” అంది వినోద వెనక నుంచి.

అతను బొమ్మ వైపైనా చూడలేదు. “మేడం, బేసిక్స్ జర మళ్లొక్కసారి చూసుకోండ్రి.”

అందరూ నవ్వారు.

లెక్కల్లో మార్కులు చాలకే ఆమెకు రెండుసార్లు ఉద్యోగం తప్పిపోయింది. ఈసారి ఊరుకోదల్చుకోలేదు. మూడు రోజులు బస్సులో ఒళ్లో నోట్సు పెట్టుకుని వృత్తాలు గీసింది, కొలిచింది. నాలుగో రోజు వాన. షెడ్డు కింద ఇద్దరే. నోట్సు అతని ముందు పెట్టింది.

“బిందువు పెద్ద చాపం మీదుంటే డెబ్బై. మీ బొమ్మల చిన్న చాపం మీదున్నది. కొలిచి చూడుండ్రి.”

అతను కొలిచాడు. తర్వాత బొమ్మ కంటే ఎక్కువసేపు ఆమెనే చూశాడు. మర్నాడు అందరి ముందూ తనదే తప్పని ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకటే బల్ల. సాయంత్రం బస్టాండు దాకా కలిసి నడక. కబుర్లలో పడి ఒక బస్సు వదిలేయడం మామూలైపోయింది. మనసులో మాట మాత్రం ఉద్యోగం వచ్చాకే అని భాను దాచుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. వినోదకు ఏటూరునాగారం వైపు బడిలో పోస్టింగ్. భానుకు అర మార్కులో పోయింది. అతను లైబ్రరీకి రావడం మానేశాడు, ఫోన్ ఎత్తలేదు.

వారం చూసి, ఆదివారం పొద్దున్నే వినోద నేరుగా హసన్‌పర్తిలో వాళ్లింటికి వెళ్లింది. గడ్డం పెరిగిన మొహంతో అతను గుమ్మంలోకొచ్చి తల దించుకున్నాడు.

“నాకింక నౌకరి రాలే, వినోదా.”

“నాకొచ్చింది గద. మా బాపుకు నీ గురించి చెప్పిన, సరేనన్నడు. నువ్వు మళ్ల పరీక్ష రాస్తవ్, ప్రతి ఆదివారం నేనొచ్చి చదివిస్త. మీ అమ్మను పిలువు, మాట్లాడాలె.”

పిలవనక్కర్లేకపోయింది. తల్లి శోభారాణి అప్పటికే చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వేసింది.

“కూసో బిడ్డా. వారం సంది వీడు సరిగ అన్నం తింటలేడు,” అంది. “మీ బాపు ఫోన్ నంబరియ్యి.”